బిళ్ళగన్నేరు – దాని పేరులు

చిక్కడపల్లి సందులలో ప్రాతయిండ్ల ముంగిళ్ళయందును, నారాయణగూడ మేడల పిట్టగోడలపై పగిలిన కుండీలయందును, నీరు పోయువారు లేకున్నను ఏడాది పొడుగున పూయు చిన్న మొక్క యొకటి గలదు. మన స్త్రీలు దానిని బిళ్ళగన్నేరందురు. ఉర్దూ మాటలాడు సోదరులు సదాబహారందురు. అశోక్‌నగర్ శిక్షణాలయములలో ఉద్యోగపరీక్షలకు చదువు యువకులు దీని లాటిను నామమును నిద్రలో లేపి యడిగినను చెప్పగలరు. కాని ఆ నామము గలది తాము టీ త్రాగుచు ఆనుకొనిన గోడమీది మొక్కయే యని తెలిసి ఆశ్చర్యపడినవారిని మేమెరుగుదుము. తప్పు వారిది కాదు. వారు చదువు పుస్తకములలో లాటిను పేరున్నచోట తెలుగు పేరు తరచుగా కానరాదు.

ఈ మొక్క మన దేశమున పుట్టినది కాదని మొదటనే చెప్పుట మంచిది. ఏలయన స్వదేశాభిమానము పేర మంచి వస్తువునెల్ల మనదే యనుట కొందరికి వాడుకయైనది. దీని పుట్టిల్లు మడగాస్కరు ద్వీపము. అచ్చటి విత్తనములు పారిసు రాజోద్యానమునకును, అందుండి లండనునందలి చెల్సీ యౌషధవనమునకును చేరెను. ఆ వనమునకు పెద్దయైన ఫిలిప్ మిల్లరు 1757లో దీని చిత్రమును ప్రకటించెను. 1759లో స్వీడను పండితుడు లిన్నేయసు దీనికి 'వింకా రోజియా' యని పేరిడి, ఐరోపాలో నేలబ్రాకు వింకా తీగలతో చేర్చెను.

అటుపిమ్మట తగవు మొదలైనది. 1828లో జర్మను పండితుడు రైషెన్‌బాఖు దీనిని వేరొక ప్రజాతిగా నెంచి 'లోక్నెరా' యనెను గాని లక్షణము వ్రాయడయ్యెను. 1837లో జార్జి డాన్ అను స్కాట్లండు దేశీయుడు లక్షణసహితముగా 'కాథరాంథసు' అని వ్రాసెను; గ్రీకు భాషలో 'స్వచ్ఛమైన పూవు' అని దాని యర్థము. మరుసటి యేట లోక్నెరాకు లక్షణము వెలువడినను ఆలస్యమైపోయెను. అది చాలదన్నట్లు 1903లో అమెరికాలో స్మాల్ అను నాతడు 'అమ్మోకల్లిసు' అని ఇంకొకటి తగిలించెను. కడపట 1966లో విలియం స్టెర్న్ ప్రాత గ్రంథములన్నిటిని తిరుగవేసి, 'కాథరాంథసు రోజియసు' అనునదే న్యాయమైన పేరని తేల్చెను. లక్షణము చెప్పని పేరు పేరే కాదనుట శాస్త్రజ్ఞుల కట్టుబాటు. దస్తావేజు లేని భూమి హక్కు కచేరీలో నిలువనట్టిదే యిదియు.

ఇన్ని నామములు మారిన కాలమున మనవారేమి చేసిరి? గన్నేరు ఈ దేశమున ప్రాతకాపు. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండపు చెట్లు. బిళ్ళగన్నేరు మడగాస్కరుది. మూడు దిక్కులనుండి వచ్చిన యీ నాలుగింటిని మన తోటమాలులు ఒక్క యింటిపేరున చేర్చిరి. మొగ్గలో మెలిదిరిగి, విప్పారినపుడు గాలిచక్రమువలె నిలుచు ఐదు రేకులను చూచియే కాబోలు. వృక్షశాస్త్రజ్ఞులును ఈ నాలుగింటిని ఒక్క కుటుంబముననే, అపోసైనేసీ యనుదానియందే, ఉంచిరి. అట్లని మనవారు శాస్త్రమంతయు ముందే కనిపెట్టిరని మేమనము. నందివర్ధనమును ఆ కుటుంబపుదే. దానికి గన్నేరు పేరు తగులలేదు. అయినను కన్నులు తెరచి చూచినవారు పెట్టిన పేరిది.

పేరునకింత రగడ యేల యనువారికి ఒక్కమాట. 1950 తరువాతి దినములలో కెనడాలోని పశ్చిమ ఒంటారియో విశ్వవిద్యాలయమున రాబర్టు నోబుల్, చార్లెసు బీర్ అను వారు, మధుమేహమునకు మందని జమైకాలో వాడుచుండిన యీ యాకును పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు, రక్తములోని తెల్లకణములు తగ్గెను. అందుండియే 1958లో విన్‌బ్లాస్టిను వెలువడెను. ఎలై లిల్లీ సంస్థవారు సాధించిన విన్‌క్రిస్టినునకు 1963లో అమెరికాలో అనుమతి కలిగెను. పసిబిడ్డల రక్తపు క్యాన్సరునకు నేటికిని వాడు మందులలో నది యొకటి. ఈ రెండు మందుల పేరులలోను వృక్షశాస్త్రజ్ఞులు త్రోసివేసిన 'వింకా' యే నిలిచియున్నది! నిజమైన వింకా తీగలలోని సారములు వేరు, గుణములు వేరు. పేరును నమ్మి మొక్కను వెదకువాడు తీగను కోసి తెచ్చును. ఇక మధుమేహము పోవునని వేకువనే ఈ యాకులు నమలువారు మన పేటలలోను కలరు. వారు నమలునది విషమని, వైద్యులు బొట్లుగా కొలిచి నరములోని కెక్కించు పదార్థమునకు మూలమని, వారికి తెలిసిన పేరుతో వ్రాసి చెప్పినవారెవరు?

తెలుగు పేరులు శాస్త్రమునకు తగవనుట వట్టిమాట. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు మన చెట్ల తెలుగు పేరులను శ్రద్ధతో వ్రాసికొనెను. మన సోమిడ చెట్టు పేరే 'సోయ్మిడా' యను ప్రజాతినామమై నేటికిని ప్రపంచమంతట నిలిచియున్నది.

లాటిను నామమును విడువుమని మేము కోరము. మందు విషయమున దానిని మించిన ఖచ్చితము లేదు. పాఠ్యగ్రంథములు వ్రాయించువారు కాథరాంథసు ప్రక్కనే బిళ్ళగన్నేరును అచ్చు వేయింపవలెను. ఇంకను వింకా రోజియాయని చెప్పు పుస్తకములను దిద్దింపవలెను. మరియు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు ప్రతిదినము వచ్చు వందలకొలది చదువరుల కొరకై, దాని యావరణలో పది మొక్కలు నాటి, రెండు పేరులు గల పలకలు కట్టించుటకు ఎంత వ్యయమగునో అధికారులే లెక్క చెప్పవలెను.