సర్వజన గృహము

ఆంగ్లేయుల పల్లెటూరి పబ్బునకును మన కళాశాలకును ఏమి సంబంధమని పాఠకులు కొందరు కనుబొమలు ముడువవచ్చును. మద్యపానము మాకు నిషిద్ధము. ఆ నిషేధమును సడలింపుమని చెప్పుటకు మేము కలము పట్టలేదు. అచ్చట మేము చూచినది వేరొకటి. దానిని విద్యార్థుల యెదుటను, కళాశాల పాలక సంఘమువారి యెదుటను ఉంచవలెననియే మా కోరిక.

'పబ్' అనునది 'పబ్లిక్ హౌస్' అను పేరునకు సంక్షేపరూపము. అనగా సర్వజన గృహము. ఒక యింటికి ఇట్టి పేరు పెట్టుట సులభమే. ఆ పేరు సార్థకమగుట యెట్లు? ఇదియే మా ప్రశ్న.

2023 జూన్ నెలలో మేము బ్రిస్టల్ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని చూడబోయితిమి. ఒక ఆదివారమునాడు అతడు మమ్ము సోమర్సెట్ సీమలోని నార్టన్ సెయింట్ ఫిలిప్ అను గ్రామమునకు తోడ్కొనిపోయెను. అది బాత్ పట్టణమునకు దక్షిణముగా సుమారు 7 మైళ్ళ దూరమున నున్నది. ఆ గ్రామమునకు ప్రాణమువంటిది జార్జి ఇన్ అను పురాతన వసతిగృహము. క్రింది అంతస్తు రాతికట్టడము. పై అంతస్తులు కొయ్యదూలముల చట్రముతో కట్టినవి. హింటన్ మఠమునకు చెందిన క్రైస్తవ సన్యాసులు మధ్యయుగమున దీనిని ఉన్ని నిలువచేయుటకును, సంతలకు వచ్చు వర్తకులకు బస కల్పించుటకును కట్టించిరి. దినచర్య రచనచే ప్రఖ్యాతుడైన సామ్యూల్ పీప్స్ 1668 జూన్ 12న ఈ గ్రామమున ఆగి భోజనము చేసెను. 1685లో రెండవ జేమ్స్ రాజుపై తిరుగుబాటు చేసిన మాన్మత్ డ్యూకు ఓటమికి కొలది దినముల ముందు ఇచ్చటనే విడిసెను. నేటికిని క్రింద భోజనము, పైన పడక. బాటసారికి రెండును లభించును.

గుమ్మము ముందు మా కాళ్ళు ఆగినవి. మా గడ్డమును, టోపీని చూచి లోపలివారేమనుకొందురో యను సంకోచము మమ్ము పట్టుకొనెను. "మామూ, ఇక్కడ వట్టి మంచినీళ్ళడిగినా కాదనరు, రండి" అని మేనల్లుడు ముందు నడచెను. అతని మాట అతిశయోక్తి కాదు. మద్యము అమ్ముటకు లైసెన్సు గల యింట, అడిగిన వారికి కుళాయినీరు ఉచితముగా ఇయ్యవలెనను నిబంధన ఇంగ్లండులో 2010 నుండి కలదు.

లోపల కప్పు తక్కువ యెత్తు. దూలములకు తల తగులకుండ వంగి నడువవలెను. బల్లయొద్దకు వచ్చి అడుగు సర్వరు లేడు. కౌంటరునొద్దకు ఎవరికి వారే పోయి అడిగి, సొమ్ము చెల్లింపవలెను. అచ్చట వరుస కట్టరు. అయినను ఎవరి వంతు ఎప్పుడో అందరికిని తెలియును. మేము టీయును, వేయించిన చేపయు తీసికొంటిమి. ప్రక్కబల్లయొద్ద నున్న వృద్ధుడొకడు తన కుక్కను కాళ్ళక్రిందికి జరుపుకొని మాకు చోటిచ్చెను. మొదట వాన మాట, పిదప గొఱ్ఱెల మాట, ఆ పిదప మనుమల మాట. మా దేశమున తొలకరి పడినదా యని కూడ అడిగెను. మా గ్లాసులో నేమున్నదో అతడు చూడలేదు. అతని గ్లాసులో నేమున్నదో మేము చూడలేదు. లేచునప్పటికి మా సంకోచము మాకే సిగ్గు కలిగించెను.

అయితే ఆ తలుపు ఆంగ్లేయుల మంచితనము వలననే తెరచియున్నదని భ్రమపడరాదు. దాని వెనుక న్యాయము కలదు, పోరాటము కలదు. బాటసారి సరియైన స్థితిలో వచ్చి, తగిన సొమ్మిచ్చుటకు సిద్ధపడి, గది ఖాళీగా నున్నచో, సత్రపు యజమాని అతనిని కాదనరాదనునది ఆ దేశపు సనాతన న్యాయసూత్రము. 1943లో వెస్టిండీస్ క్రికెట్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌కు లండనులోని ఒక పెద్ద హోటలు వర్ణభేదముచే బస నిరాకరించెను. ఆయన వేరొక చోట పడుకొని ఊరకుండలేదు, న్యాయస్థానమున కెక్కెను. 1944లో న్యాయమూర్తి ఆయన పక్షమున తీర్పు చెప్పెను. లభించిన పరిహారము 5 గినీలు మాత్రమే! కాని ఆ 5 గినీల తీర్పు ఎందరి గౌరవమునో నిలిపినది. ఆయనయే 1969లో ప్రభువుల సభలో సభ్యుడయ్యెను.

అంతటితో తలుపులన్నియు తెరచుకొనలేదు. 1960వ దశకమున బర్మింగ్‌హామ్ చెంతనున్న స్మెథిక్ పట్టణమున కొన్ని పబ్బులు నల్లవారిని, మన దేశీయులను గడప దాటనీయకుండెను. భారతీయ కార్మిక సంఘమువారు దానిని ప్రతిఘటించిరి. 1965 నాటి జాతి సంబంధముల చట్టము హోటళ్ళలోను, పబ్బులలోను అట్టి భేదము చూపుటను నిషేధించెను. నేడు అదే ప్రాంతమున పంజాబీ కుటుంబములు నడుపు పబ్బులు పెక్కు కలవు. ఒకనాడు గుమ్మమున నిలువబెట్టబడిన వారి బిడ్డలు నేడు గుమ్మమున నిలిచి స్వాగతము చెప్పుచున్నారు.

ఇక ఆ యిండ్లు మూతపడకుండ గ్రామస్థులు పడు పాట్లు చూడుడు. పెద్ద దుకాణములలో మద్యము చవుకగా దొరకుట, ఖర్చులు పెరుగుట, ఆ స్థలమున నివాసగృహములు కట్టిన లాభమెక్కువ యగుట వంటి కారణములచే పల్లెల పబ్బులు అనేకము మూతపడినవి. కంబ్రియా సీమలోని హెస్కెట్ న్యూమార్కెట్ అను చిన్న గ్రామమున ఓల్డ్ క్రౌన్ అను పబ్బును 2003లో స్థానికులు నూరుమందికి పైగా వాటాలు వేసికొని సహకార పద్ధతిపై కొనిరి. 2011 నాటి చట్టము ఇట్టి స్థలములను సమాజమునకు విలువైన ఆస్తిగా నమోదు చేయించుకొనుటకును, అమ్మకమునకు వచ్చినప్పుడు సొమ్ము కూడబెట్టుకొనుటకై 6 నెలల గడువు పొందుటకును వీలు కల్పించెను. కూర్చుండు చోటు పోయిన ఊరు పోవునని వారు గ్రహించిరి.

"మద్యము లేనిదే పబ్బు లేదుగదా! ఆ చోటును పొగడుట మద్యమును పొగడుటయే" అని కొందరనవచ్చును. ఈ యాక్షేపణ తేలికైనది కాదు. మద్యము వలన ఆ దేశమునను లెక్కలేనన్ని కాపురములు కూలినవి. కాని దీనికి సమాధానము ఆ దేశపు మద్యనిషేధ ప్రచారకులే చెప్పిరి. థామస్ కుక్ అను ప్రచారకుడు 1841 జూలై 5న లెస్టర్ నుండి లఫ్‌బరోకు మద్యవ్యతిరేక సభకై రైలుయాత్ర నడిపెను. ఆయన పేర వెలసిన ప్రపంచ ప్రసిద్ధ యాత్రా వ్యాపారమునకు అదియే నాంది. 1853లో ఆయన లెస్టరులో మద్యము లేని హోటలును స్థాపించెను. ఆనాడు ఇట్టి మద్యరహిత హోటళ్ళును, కాఫీశాలలును ఆ దేశమున పెక్కు వెలసినవి. మనిషిని మద్యమునుండి మరలింపవలెనన్న, "త్రాగకుము" అనుట చాలదు. "ఇచ్చట కూర్చుండుము" అని ఒక చోటు చూపవలెనని వారెరిగిరి. మన హైదరాబాదులోని ఇరానీ హోటళ్ళు ఒక కప్పు చాయితో గంటలకొలది కూర్చుండనిచ్చి చేసిన ఉపకారమును ఇట్టిదియే.

ఇప్పుడు మన యింటివైపు చూచుకొందము. ఆఖరి గంట కొట్టగానే మన విద్యార్థులు ఉర్దూ మాధ్యమమువారు ఒక గేటునకును, తెలుగు మాధ్యమమువారు మరొక గేటునకును పోవుదురు. మూడు సంవత్సరములు ఒకే కప్పు క్రింద చదివి, ఒకరి పేరొకరు ఎరుగక విడిపోవువారెందరు? వారి మధ్య వైరము లేదు. కూర్చుండు చోటు లేదు. గ్రంథాలయము ప్రక్క గది విరిగిన బెంచీలకు నెలవై, తాళము వేయబడి యున్నది.

పాలక సంఘమువారిని మేము కోరునది భవనము కాదు. ఆ గది తాళము తీయుడు. బెంచీలు బాగుచేయించి, రెండు భాషల పత్రికలును, ఒక టీ కెటిలును ఉంచుడు. సాయంకాలము 6 గంటల వరకు దానిని విద్యార్థులే నడుపుకొనునట్లు ఏర్పాటు గావింపుడు. విద్యార్థులారా, తాళము తీసిన మాత్రమున చాలదు. క్రొత్తవాడు గుమ్మమున సంకోచించి నిలిచినప్పుడు, ఆ గ్రామపు వృద్ధునివలె కొంచెము ప్రక్కకు జరిగి చోటిచ్చువాడు లోపల ఉండవలెను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలనిరి. గెలుచుటకు ముందు రచ్చ యనునది ఒకటి ఉండవలెనుగదా!