వేలిముద్ర పడకపోతే బియ్యం ఇవ్వొద్దా?

సంక్షేమ పథకాలకి ఆధార్ గురించి మాటొస్తే చాలు, మన ఐటీ మిత్రుల్లో ఎక్కువమంది అనేది ఒకటే: "దొంగ కార్డులు పోవాలంటే గుర్తింపు అడగాల్సిందే. అసలైనవాడికి భయమెందుకు?" మొదటి మాటతో నాకు పేచీ లేదు. జనం సొమ్ముతో బియ్యం, పింఛను ఇస్తున్నప్పుడు ఎవరికిస్తున్నామో చూసుకోవడంలో తప్పేముంది? పేచీ అంతా రెండో మాటతోనే. మిషన్ తప్పు చేస్తే నష్టపోయేది ఆ అసలైనవాడే మరి!

గుర్తింపు పరీక్షలో తప్పులు రెండు రకాలని మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వేరేవాణ్ణి అసలువాడనుకోవడం ఒకటి, అసలువాణ్ణి కాదనడం రెండోది. పరీక్ష బిగించేకొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. పైగా మట్టిపని, సిమెంటు పని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోతాయి, వయసు మీదపడినా అంతే. దానికి తోడు సిగ్నల్ లేకపోవడం, సర్వర్ డౌన్ అవడం మామూలే. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే ఉదహరించిన అంచనాల ప్రకారం ఆధార్ ధృవీకరణ జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37 శాతం, గుజరాత్‌లో 6 శాతం, మన కృష్ణా జిల్లాలో 5 శాతం ఫెయిలైంది. పోన్లే, మనది 5 శాతమేగా అనుకోకండి. నూటికి ఐదు లావాదేవీలు ఫెయిలయ్యే పేమెంట్ సిస్టమ్‌ని మీ మేనేజరు రిలీజ్ చేయనిస్తాడా?

అలాగని రూల్స్‌లో వేరే దారి లేదా అంటే, ఉంది. 2016 ఆధార్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, నంబరు ఇంకా రానివాళ్లకి వేరే గుర్తింపు మీదైనా లబ్ధి ఇవ్వాలి. 2017లో జార్ఖండ్‌లోని సిమ్‌డెగా జిల్లాలో 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆధార్ లింక్ కాలేదని రేషన్ కార్డు తీసేశారని, పాప ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది. ఆకలి చావు కాదని ప్రభుత్వం అంది. ఆ గొడవ తర్వాత అదే ఏడాది అక్టోబరులో, వేలిముద్ర పడలేదని రేషన్ ఆపొద్దంటూ ఆధార్ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. 2018 సెప్టెంబరులో సుప్రీం కోర్టు 7వ సెక్షన్‌ని సమర్థించింది కానీ, ధృవీకరణ ఫెయిలైందని అర్హులకి అన్యాయం జరగకూడదనే చెప్పింది. అంటే కాగితం మీద అంతా బాగానే ఉందన్నమాట. చిక్కల్లా షాపు దగ్గరే. మిషన్ ఒప్పుకోకపోయినా ఇస్తే రేపు లెక్క చెప్పాల్సింది డీలరు. ఇవ్వకపోతే అడిగేవాడుండడు. ఇక ఆయన ఏం చేస్తాడో ఊహించడం కష్టమా?

దీనికి ఒక మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి, పింఛన్లకి వేలిముద్రల స్మార్ట్‌కార్డులు పెట్టారు. 8 జిల్లాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ దాన్ని పరీక్షించారు. డబ్బు త్వరగా అందింది, దారిలో కారిపోయేది తగ్గింది, లబ్ధిదారుల్లో అత్యధికులు ఇదే బావుందన్నారు. కార్డు లేనివాళ్లకి పాత పద్ధతిలో డబ్బివ్వడం మాత్రం ఆపలేదు. ఈ ముగ్గురే తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రని పరిశీలించారు. అక్కడ ధృవీకరణ ఒక్కటీ పెట్టినంతలో లీకేజీ తగ్గలేదు. ముందుగా ఆధార్ లింక్ చేసుకోని 23 శాతం మందికి అందే సరుకు విలువ మాత్రం 10 శాతం పడిపోయింది. తర్వాత మిషన్ లెక్కల్ని బట్టి షాపులకి సరుకు కోత పెడితే లీకేజీ బాగా తగ్గింది, దాంతో పాటే జనానికి అందేదీ తగ్గింది. రెండు చోట్లా వాడింది వేలిముద్రే. తేడా ఎక్కడుందంటారు? నాకు తోచినంతలో, అది ఫెయిలైనప్పుడు ఏం చేశారన్న దగ్గరే.

ఇంకో మాట. 35 కిలోలని వేలిముద్ర వేయించుకుని 30 కిలోలే తూచే డీలరుని ఏ వేలిముద్రా పట్టుకోలేదు. అది తూకంలో మోసం, గుర్తింపుతో దానికి సంబంధం లేదు.

"వేరే దారి పెడితే డీలర్లు అన్నీ అందులోంచే లాగిస్తారు" అంటారా? న్యాయమైన అనుమానమే. కానీ మన ఆఫీసుల్లో బ్యాడ్జి పనిచేయకపోతే ఏం చేస్తున్నాం? సెక్యూరిటీ అతను రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని లోపలికి పంపిస్తాడు. ఆ నెల జీతం ఎవరూ ఆపరు! రేషన్ షాపులోనూ అంతే చేయొచ్చు. వేలిముద్ర పడకపోతే ఫోన్‌కి ఓటీపీ, ఫోన్ లేకపోతే కార్డు మీది ఫోటో చూసి రిజిస్టర్లో సంతకం. ప్రతి ఒక్కటీ లాగ్ అవ్వాలి. ఏ షాపులో ఇవి మరీ ఎక్కువున్నాయో చూసి అక్కడికి తనిఖీకి వెళ్లాలి. ఈ రిపోర్టు రాయడం మనకి ఎంతసేపు పని?

నా వాదన ఇంతే. గుర్తింపు అడగండి, కానీ సందేహమొస్తే ముందు బియ్యం ఇచ్చి తర్వాత విచారించండి. ఆపాల్సే వస్తే కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. దొంగకి పొరపాటున వెళ్లిన నెల బియ్యం తర్వాతైనా వసూలు చేసుకోవచ్చు. ముసలావిడ పస్తున్న రోజుల్ని మాత్రం ఏ బగ్ ఫిక్సూ వెనక్కి తేలేదు.