సిటీలో అసలు మొనగాడు ఎవడు? మా గది ఓటు రోడ్రికే



పోయిన వారం గ్రూపులో ఓటింగ్ పెట్టారు కదా, మాంచెస్టర్ సిటీ టీములో నిజంగా ఆట మీద పెత్తనం చేసేది ఎవరు అని. సగం మందికి పైగా హాలండ్‌కి వేశారు. కొందరు డి బ్రూయినకి వేశారు, అతను 2025లోనే టీము వదిలి నాపోలీకి వెళ్లిపోయినా సరే. అభిమానం అలాంటిది, ఏమీ అనలేం. రోడ్రికి పడిన ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో నాలుగు మా గదివే. "ఎవడ్రా ఈ రోడ్రి, గోళ్లు కొట్టడు, డ్రిబ్లింగ్ చెయ్యడు" అని ఒక అన్న రాశాడు. అన్నకి రెండు లైన్లలో జవాబు చెప్పలేం, అందుకే నలుగురం కూర్చుని ఇంత పొడుగు రాస్తున్నాం. ఓపికుంటే చదవండి.

ముందు హాలండ్ సంగతి. అతన్ని తక్కువ చేసి మాట్లాడితే మాకే సిగ్గు. 2022-23లో ఇంగ్లాండు వచ్చిన మొదటి సీజన్‌లోనే ప్రీమియర్ లీగులో 36 గోల్స్ కొట్టాడు. ఒక సీజన్‌లో అన్ని గోల్స్ అంతకు ముందు ఎవరూ కొట్టలేదు. మిగతా కప్పులన్నీ కలిపితే ఆ ఏడు 52. మరుసటి ఏడు లీగులో 27 కొట్టి మళ్లీ అతనే ముందున్నాడు. ఇంకోటి, బంతి తాకకుండా కూడా అవతలి డిఫెన్సుకి నిద్ర లేకుండా చేస్తాడు. 2022 ఆగస్టులో బోర్న్‌మత్ మీద మ్యాచ్‌లో అతను బంతిని తాకింది 8 సార్లే. ఆ ఎనిమిదిలో ఒకటి గుండోగాన్ గోలుకి ఇచ్చిన పాసు. సిటీ 4-0తో గెలిచింది. ఇదంతా ఒప్పుకుంటాం.

అయితే ఓటింగులో అడిగింది ఎక్కువ గోల్స్ ఎవరివి అని కాదు కదా. పెత్తనం ఎవరిది అని. దానికి మా గదిలో ఒక కొలత పెట్టుకున్నాం: ఆ మనిషి లేని రోజున టీము ఏమైంది?

హాలండ్‌కి 2023 డిసెంబర్‌లో పాదానికి దెబ్బ తగిలింది. జనవరి చివరి దాకా ఆడలేదు. ఆ రోజుల్లో సిటీ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. క్రిస్టల్ ప్యాలెస్‌తో 2-2 డ్రా ఒకటి, మిగతావన్నీ గెలుపే. సౌదీ వెళ్లి ఫైనల్లో ఫ్లుమినెన్సే మీద 4-0తో క్లబ్ వరల్డ్ కప్ కూడా తెచ్చుకుంది. డి బ్రూయిన అభిమానులకి కూడా ఒక మాట. జనవరిలో న్యూకాజిల్ మీద 2-1తో వెనకబడి ఉన్నప్పుడు అతను బెంచీ మీంచి లేచి వచ్చి, ఒక గోలు కొట్టి, ఇంకోటి కొట్టించి మ్యాచ్ తిప్పేశాడు. అది మేం చాలాసార్లు తిప్పి తిప్పి చూశాం. కానీ అంతకు ముందు నెలల తరబడి అతను గాయంతో బయటే ఉన్నాడు, టీము నడుస్తూనే ఉంది.

ఇప్పుడు రోడ్రిని చూడండి. అదే 2023-24 సీజన్‌లో సిటీ లీగులో ఓడింది మూడే మూడు మ్యాచులు: వుల్వ్స్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా. మూడింట్లోనూ రోడ్రి లేడు, కార్డుల వల్ల సస్పెన్షన్‌లో ఉన్నాడు. మూడింట్లోనూ హాలండ్ మైదానంలోనే ఉన్నాడు. 2023 ఫిబ్రవరి నుంచి 2024 మేలో ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా, పెనాల్టీ షూటౌట్లు పక్కన పెడితే, రోడ్రి ఆడిన 74 మ్యాచుల్లో సిటీకి ఓటమి లేదు. మధ్యలో ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఇంటర్ మీద 1-0. ఆ ఒక్క గోలు ఎవరిదో "గోళ్లు కొట్టడు" అన్న అన్న ఒకసారి చూసుకోవాలి.

అసలు అతను చేసే పని ఏంటి? డిఫెన్సుకి ముందు, మిడ్‌ఫీల్డుకి వెనక నిలబడతాడు. డిఫెండరు కంగారులో ఉంటే పాసు తీసుకోడానికి దగ్గరకి వస్తాడు. ఆట ఒకవైపు ఇరుక్కుంటే రెండో వైపుకి మార్చేస్తాడు. సిటీ వాళ్లందరూ ముందుకి ఎక్కేసినప్పుడు బంతి పోయిందా, అవతలివాడు పరుగు అందుకోక ముందే అడ్డం వెళ్లిపోతాడు. అవసరమైతే ఫౌల్ చేసి ఎల్లో కార్డు తీసుకుంటాడు. రీల్స్‌లో ఇవేవీ కనిపించవు, ఎందుకంటే అతని పనంతా ఏదో ఒకటి జరగకుండా చూడటమే. మన పోడులో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలేవాళ్లని చూశాం కదా. కోత రోజున ఎవరు ఎన్ని మోపులు కోశారో అందరూ చెప్తారు. పిట్టలు తినకుండా మిగిలిన గింజలు ఎన్ని అని ఎవరు లెక్కపెట్టారు?

2024 సెప్టెంబర్ 22న ఆర్సెనల్ మ్యాచ్‌లో రోడ్రి మోకాలి లిగమెంట్ తెగింది. టీము వెంటనే కూలిపోలేదు, ఒక నెలపాటు ఓడకుండానే లాక్కొచ్చింది. అక్టోబర్ 28న పారిస్‌లో కర్రల సాయంతో స్టేజీ ఎక్కి బాలన్ డోర్ తీసుకున్నాడు. వినీసియస్‌కి ఇవ్వలేదని రియల్ మాడ్రిడ్ వాళ్లు ఆ ఫంక్షన్‌కే రాలేదు, అది వేరే గొడవ. సరిగ్గా రెండు రోజులకి సిటీ పతనం మొదలైంది. వరసగా ఐదు ఓటములు. ఫెయెనూర్డ్ మీద 3-0 ముందుండి 3-3. మొత్తం 13 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. ఆ సీజన్‌లోనూ హాలండ్ లీగులో 22 గోల్స్ కొట్టాడు. టీము మాత్రం మూడో స్థానం.

మా కొలత మీద గదిలోనే గొడవయింది, అదీ చెప్పాలి. మాలో ఒకడు 2024 యూరో ఫైనల్ బయటకి తీశాడు. స్పెయిన్, ఇంగ్లాండు ఆట. సగం ఆట అయ్యాక రోడ్రి దెబ్బతో బయటకి వెళ్లిపోయాడు, జుబిమెండి వచ్చాడు. స్పెయిన్ రెండు గోల్స్ కొట్టిందీ, 2-1తో కప్పు గెలిచిందీ ఆ తర్వాతే! టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడు రోడ్రి, కప్పు వచ్చింది అతను లేనప్పుడు. మరి పెత్తనం ఏమైంది అని వాడి ప్రశ్న. పైగా సిటీ ఓడిన రోజుల్లో డిఫెండర్లు సగం మంది గాయాలతోనే ఉన్నారు, కొందరికి వయసు పైబడింది, అన్నీ ఒక్క రోడ్రి లెక్కలో వెయ్యకండి అన్నాడు.

వాడి మాటలో నిజం ఉంది. స్పెయిన్ దగ్గర ఆ పని తెలిసిన రెండో మనిషి ఉన్నాడు. సిటీ దగ్గర లేడు. 2025 చలికాలంలో పోర్టో నుంచి నికో గొంజాలెజ్‌ని కొనేదాకా సరైన మనిషినే తెచ్చుకోలేదు. అంటే మన కొలత ఆటగాడి గొప్పతనంతో పాటు క్లబ్బు నిర్లక్ష్యాన్ని కూడా కొలుస్తోంది. అయినా మా ఓటు మారలేదు. అంత డబ్బున్న క్లబ్బుకి, గార్డియోలా లాంటి కోచ్‌కి కూడా ఈ పని విలువ తెలియడానికి ఆ మోకాలు పోవాల్సి వచ్చింది.

ఇంతసేపు ఎక్కడో ఇంగ్లాండు టీము గురించి ఎందుకు అంటారేమో. మా హాస్టల్ టీములో కూడా సెంటర్లో ఒకడున్నాడు. పేరు రాయొద్దన్నాడు. జ్వరం ఉన్నా ఆడతాడు, ఎందుకంటే వాడి బదులు ఆడేవాడు లేడు. పోయిన ఏడాది ఒక టోర్నమెంట్‌లో సెలక్షన్‌కి వచ్చిన సార్లు వాడిని అడిగింది ఒకటే, ఎన్ని గోల్స్ కొట్టావ్? సున్నా అన్నాడు. పక్కన పెట్టేశారు. వాడి పాసుల మీద ఏడు గోల్స్ కొట్టిన మా ఫార్వర్డుకి సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఫార్వర్డే వెళ్లి "సార్, వీడు లేకపోతే నేను లేను" అని చెప్పినా వినలేదు. స్పోర్ట్స్ కోటాలో ఆ కాగితం ఉంటే ఎంత తేడానో ఇక్కడ అందరికీ తెలుసు. మనోడు ఇప్పుడు సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోతున్నాడు, వచ్చే ఏడాది ఆడను అంటున్నాడు.

మన గ్రూపు కూడా తక్కువేం కాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి, క్రొయేషియాలో దినామో జాగ్రెబ్‌కి ఆడి, ఇండియా టీము దాకా ఎదిగిన గుగులోతు సౌమ్య అక్క గోలు కొడితే గంటలో అందరం షేర్ చేస్తాం. చెయ్యాలి కూడా, మన బిడ్డ. ఆ బంతి అక్క దాకా తెచ్చినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? మాకూ తెలియదు, ఈ పోస్టు రాస్తున్నప్పుడే వెతుక్కున్నాం.

వచ్చే ఆదివారం పక్క హాస్టల్‌తో మ్యాచ్ ఉంది. మేం నలుగురం గట్టు మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాయబోతున్నాం: బంతి ఎవరు లాక్కున్నారు, ఎన్నిసార్లు, గోలుకి ముందు రెండు పాసులు ఎవరివి. ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెడతాం, ఒక కాపీ మా పీడీ సారుకి ఇస్తాం. మిగతా హాస్టళ్ల వాళ్లు కూడా మీ మ్యాచులకి ఇలా రాసి పంపండి. హాలండ్‌కి ఓటేసిన అన్నలైనా సరే, చేతిరాత బాగుంటే చాలు.