వాకిట్లో లాజరు

2017 నవంబరులో హైదరాబాద్ నగరం విదేశీ అతిథుల కోసం ముస్తాబైంది. ఆ నెల 28 నుంచి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్ వస్తున్నారు. రోడ్లు బాగుచేశారు, గోడలకు రంగులు వేశారు. వాటితోపాటే బిచ్చమెత్తడాన్ని రెండు నెలలపాటు నిషేధించి, కూడళ్లలోని నిరుపేదలను జైళ్ల శాఖ ఆశ్రమాలకు తరలించారు. అక్కడ తిండీ బట్టా దొరికాయంటే కాదనను. కానీ ఆ పేదవాడు గుర్తొచ్చింది ఆకలితో ఉన్నాడని కాదు, అతిథి కంట పడతాడని!

లాజరు ఉపమానంలోని ధనవంతుడు (లూకా 16) తన వాకిట పడివున్న ఆ అభాగ్యుణ్ణి గెంటేశాడని యేసుప్రభువు చెప్పలేదు. చూడనట్టు బతికాడంతే. మనం వాకిలే కడిగేస్తున్నాం.

నగరాన్ని అనడం సులువే. కొన్నేళ్ల క్రితం మా మందిరం మెట్ల మీద ఒక ముసలాయన రాత్రుళ్లు పడుకునేవాడు. ఆదివారం ఉదయం దుర్వాసన, బీడీ ముక్కలు ఉండేవి, అది అబద్ధం కాదు. రాత్రి తొమ్మిదికి మెట్లపై నీళ్లు చల్లమని వాచ్‌మన్‌కు చెప్పాలని కమిటీలో తీర్మానించాం. చెయ్యెత్తినవారిలో నేనూ ఒకణ్ణి. మూడు రోజుల్లో ఆయన రావడం మానేశాడు. ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు. ఆ క్రిస్మస్‌కు అవే మెట్లపై పశువుల పాక కట్టి, సత్రంలో చోటు దొరకని కుటుంబాన్ని బొమ్మలుగా నిలబెట్టాం.

కెనడా శిల్పి టిమొతీ ష్మాల్జ్ 2013లో ఒక కంచు విగ్రహం చేశాడు. బెంచీ మీద దుప్పటి ముసుగేసుకుని పడుకున్న మనిషి. పాదాలపై మేకుల గాయాలు చూస్తేనే ఆయన యేసు అని తెలుస్తుంది. అమెరికాలోని డేవిడ్‌సన్ పట్టణంలో ఒక చర్చి దాన్ని ప్రతిష్ఠిస్తే, నిజం మనిషే అనుకుని ఒకావిడ పోలీసులకు ఫోన్ చేసింది. ఆమెను చూసి నవ్వే అర్హత నాకైతే లేదు.

2011 జనగణన లెక్కల్లోనే మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల పైచిలుకు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. అయితే కూలి దొరికే అడ్డాకు దూరంగా, భార్యాభర్తలను విడదీసి, మూట పెట్టుకునే చోటైనా లేకుండా వసతి చూపిస్తే ఎవరు వెళతారు? ఫుట్‌పాత్ మీద పడుకోవడం వారికి సరదా కాదు.

మా మందిరం వెనుక వారంలో ఆరు రాత్రులు ఖాళీగా ఉండే హాలుంది, రెండు బాత్‌రూములున్నాయి. వచ్చే కమిటీలో ఆ హాలు తాళంచెవి సంగతి అడగబోతున్నాను.