ఫ్లాపీ గారూ... లోపల ఉన్నారా?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ముందుగదిలో మూలనున్న పాత కంప్యూటర్ మాత్రం ఇంకా నడుస్తోంది. ఏదో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ కావాలని అబ్బాయి ఆపకుండా వదిలేశాడు. మౌస్ ముట్టుకున్నవారు లేరు, కీబోర్డు తాకినవారు లేరు. అయినా డబ్బా ముందు భాగంలో చిన్న దీపం చటుక్కున వెలిగింది. లోపల్నుంచి 'గర్ర్... టక్' అని చప్పుడు. ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ 'గర్ర్... టక్'. మంచినీళ్ల కోసం లేచిన నాన్నగారికి ఎలుక దూరిందేమోనన్న అనుమానం వస్తే అది ఆయన తప్పు కాదు!

2000 తర్వాతి సంవత్సరాల్లో పాత పీసీ మీద లినక్స్ వేసుకున్నవారిలో కొందరికి ఈ 'ఎలుక' బాగా పరిచయం. అది ఫ్లాపీ డ్రైవు. అందులో ఫ్లాపీ లేదు. నెలల తరబడి ఎవరూ పెట్టింది లేదు. అయినా కంప్యూటర్లో తెర వెనక కూర్చున్న ఓ ప్రోగ్రాము మాత్రం దాన్ని నిద్రపోనిచ్చేది కాదు. 'ఫ్లాపీ వచ్చిందా? ఇప్పుడు వచ్చిందా? పోనీ ఇప్పుడు?' అంటూ ఒకటే ఆరా.

ఈతరం పిల్లలకు ఫ్లాపీ అంటే 'సేవ్' బటన్ మీద కనిపించే బొమ్మ. ఒకప్పుడు అది మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ పలక. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టైనా, డీటీపీ సెంటర్లో కొట్టించిన పెళ్లి శుభలేఖైనా అందులోనే ఇంటికి వచ్చేది. పట్టేది 1.44 ఎంబీ. ఇప్పటి సెల్‌ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా చాలాసార్లు అందులో పట్టదు.

కొళాయి కింద బిందె

ప్రోగ్రాము అన్నిసార్లు ఎందుకు అడగాలి? ఫ్లాపీ పెట్టగానే డ్రైవే చెప్పొచ్చుగా? చిక్కంతా అక్కడే ఉంది.

మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వీధుల్లో రెండు పద్ధతులుంటాయి. పది నిమిషాలకోసారి లేచి వెళ్లి కొళాయి తిప్పి చూడటం ఒకటి. ముందే కొళాయి తిప్పి ఉంచి, కింద ఖాళీ బిందె పెట్టి పడుకోవడం రెండోది. నీళ్లు రాగానే బిందె మోగుతుంది, అమ్మ లేస్తుంది. కంప్యూటర్ భాషలో మొదటి పద్ధతి పేరు 'పోలింగ్' (ఓట్లకూ దీనికీ సంబంధం లేదు). రెండోది 'ఇంటరప్ట్'. కీబోర్డు మీద మీట నొక్కితే బిందె మోగినట్టే. అప్పటిదాకా ప్రాసెసర్ తన పనిలో తానుండొచ్చు, పనిలేకపోతే కునుకు తీయొచ్చు.

పీసీల్లోని ఫ్లాపీ డ్రైవుకు ఆ బిందె లేదు. లోపలున్న డిస్కును బయటికి తీస్తే 'డిస్కు మారింది' అని డ్రైవులో ఓ గుర్తు పడుతుంది. బాగానే ఉంది. కానీ ఆ గుర్తు తనంతట తాను చెరగదు. కొత్త డిస్కు పెట్టిన తర్వాత, చదివే హెడ్‌ను ఒక అడుగు కదిపితేనే చెరుగుతుంది. అంటే లోపల డిస్కు ఉందో లేదో తేల్చుకోవాలంటే డ్రైవును లేపాలి, హెడ్‌ను కదపాలి. ఆ 'టక్' అదే. డిస్కే ఉంటే దాన్ని నిమిషానికి 300 చుట్ల వేగంతో తిప్పి మొదటి ముక్క చదవాలి. ఆ 'గర్ర్' అదన్నమాట.

1985లో వచ్చిన అమీగా కంప్యూటర్ల యజమానులు ఈ చప్పుడును ఏళ్ల తరబడి భరించారు. డ్రైవు ఖాళీగా ఉంటే చాలు, గోడ గడియారంలా 'టక్... టక్' మనేది. చివరికి ఆ శబ్దం ఆపడానికే ప్రత్యేకంగా చిన్న ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. 1984 నాటి మ్యాకింటోష్‌ది ఇంకో దారి. దాని డ్రైవుకు ఫ్లాపీని బయటికి తోసే బటనే పెట్టలేదు. కంప్యూటర్ అనుమతిస్తేనే డిస్కు బయటికొస్తుంది కాబట్టి ఎప్పుడు పోయిందో దానికి తెలుసు. (కంప్యూటర్ మొండికేస్తే గుండుసూదిలాంటిదేదో పెట్టి పొడవడానికి ఓ చిల్లు మాత్రం ఉంచారు!) విండోస్ మామూలుగా అసలు పట్టించుకునేదే కాదు. 'మై కంప్యూటర్' తెరిచి 'ఎ' డ్రైవు మీద క్లిక్ చేసినప్పుడే వెళ్లి చూసేది. లేకపోతే 'డిస్కు పెట్టండి' అనేది. కథ ముగిసింది.

లినక్స్‌కు ఈ తిప్పలు ఓ మంచి ఉద్దేశంతోనే మొదలయ్యాయి. అప్పట్లో లినక్స్ వాడేవారు సీడీ పెట్టినా, ఫ్లాపీ పెట్టినా 'మౌంట్' అనే ఆదేశం టైపు చేస్తేగానీ లోపలి ఫైళ్లు కనిపించేవి కావు. కంప్యూటర్ చదువుకున్నవారికి అది లెక్కలోది కాదు. ఇంట్లో అమ్మకో తాతయ్యకో అలా చెప్పగలమా? 2003లో రెడ్‌హ్యాట్ సంస్థలో పనిచేస్తున్న హావొక్ పెన్నింగ్టన్ ఈ విషయం మీదే ఓ వ్యాసం రాశాడు. పరికరం తగిలిస్తే చాలు, మిగతాది కంప్యూటరే చూసుకోవాలి అన్నది అందులోని మాట. ఆ ఆలోచనలోంచి పుట్టిందే 'హాల్' అనే సేవ. డేవిడ్ జూతెన్ దాన్ని ముందుండి నడిపించాడు. పెన్‌డ్రైవు గుచ్చగానే తెర మీద కిటికీ తెరుచుకోవడం లినక్స్‌లోనూ మొదలైంది. జనం సంతోషించారు.

పెన్‌డ్రైవు సంగతి సరే, వచ్చినప్పుడు అదే కబురంపుతుంది. సీడీ డ్రైవు అలా కాదు. అందుకే 'హాల్' తరఫున ఓ చిన్న ప్రోగ్రాము రెండు సెకన్లకోసారి వెళ్లి సీడీ ఉందా అని చూసి వచ్చేది. రెండు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. లెక్క వేస్తే గంటకు 1,800 సార్లు. కంప్యూటర్ రోజంతా ఆన్‌లో ఉంటే 43,200 సార్లు. నెలకోసారి సీడీ పెట్టే ఇంట్లో కూడా అంతే!

నిజానికి ఫ్లాపీ సంగతి 'హాల్' రాసినవారికి తెలియక కాదు. అందుకే చాలా కంప్యూటర్లలో ఫ్లాపీ జోలికి వెళ్లొద్దని ముందే చెప్పి ఉంచారు. అప్పట్లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచి చూస్తే ఓ వింత వరుస కనిపించేది. 'ఫ్లాపీని అడగడం లేదు, ఎందుకంటే వద్దన్నారు' అని దాని అర్థం. అడగడం లేదని చెప్పుకోవడానికి ఓ ప్రోగ్రాము మెమరీలో బాసింపట్టు వేసుకుని కూర్చుందన్నమాట! ఆ 'వద్దు' అన్న మాట చేరని చోట, లేదా డ్రైవు ఏ రకమో పోల్చుకోలేని చోట మాత్రం 'గర్ర్... టక్' మొదలయ్యేది.

ఇంతకన్నా తమాషా ఇంకోటుంది. డబ్బాలో ఫ్లాపీ డ్రైవే ఉండదు, అయినా కంప్యూటర్ దాన్ని వెతుకుతుంది! దీనికి కారణం బయోస్. అందులో 'ఎ డ్రైవు: 1.44 ఎంబీ' అని ఎప్పుడో ఫ్యాక్టరీలో రాసిన మాట అలాగే ఉండిపోతుంది. డ్రైవు నిజంగా ఉందో లేదో చెప్పే ఏర్పాటు ఆ పాత పద్ధతిలో లేదు కాబట్టి లినక్స్ ఆ రాతనే నమ్ముతుంది. ఉందనుకుని పిలుస్తుంది, జవాబు కోసం ఎదురుచూస్తుంది, విసిగి 'ఎఫ్‌డీ0లో లోపం' అని చిట్టాలో రాసుకుంటుంది. మళ్లీ పిలుస్తుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల తలుపు కొట్టినట్టు. కంప్యూటర్ ఆన్ అవడానికి ఇంతసేపు ఎందుకు పడుతోందో అర్థంకాక తలపట్టుకున్నవారిలో కొందరి కథ ఇదే.

చప్పుడు లేని ఖర్చు

చప్పుడుదేముంది, అలవాటైపోతుంది అనుకోవచ్చు. కానీ హార్డ్‌డిస్కులో హెడ్ పళ్లేనికి తగలకుండా గాల్లో తేలుతుంది. ఫ్లాపీలో అలా కాదు, డిస్కును రాసుకుంటూ తిరుగుతుంది. డ్రైవులో మర్చిపోయిన ఫ్లాపీని పనిలేకుండా తిప్పితే అరిగేది అందులోని సమాచారమే. మన దుమ్ముకు అది ఇంకాస్త తొందరగా జరుగుతుంది.

రెండో ఖర్చు కంటికి కనిపించదు. ప్రాసెసర్‌కు పనిలేనప్పుడు అది గాఢనిద్రలోకి జారుకుంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మిగిలేది అప్పుడే. 2006లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లినక్స్ సదస్సులో రెడ్‌హ్యాట్ ఇంజినీరు డేవ్ జోన్స్ ఓ పత్రం చదివాడు. అవసరం లేకపోయినా ఫైళ్లను పదేపదే తెరిచే, ఊరికే లేచి కూర్చునే ప్రోగ్రాముల బండారమంతా అందులో బయటపెట్టాడు. ఆ చిట్టాలో 'హాల్' కూడా ఉంది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన లినక్స్ 2.6.21 కెర్నల్ ఇంకో అడుగు వేసింది. అంతకుముందు పని ఉన్నా లేకున్నా ప్రాసెసర్‌ను సెకనుకు వందల సార్లు తట్టిలేపే గడియారం ఒకటుండేది. పనిలేనప్పుడు దాన్ని ఆపేసే సదుపాయం వచ్చింది. ఇక హాయిగా నిద్రపోవచ్చు కదా? అప్పుడు తెలిసింది, నిద్ర చెడగొడుతున్నది గడియారం ఒక్కటే కాదని.

ఆ మరుసటి నెలలోనే ఇంటెల్ 'పవర్‌టాప్' అనే చిన్న ప్రోగ్రామును విడుదల చేసింది. సెకనుకు ఎన్నిసార్లు ప్రాసెసర్ నిద్రలేస్తోంది, లేపుతున్నదెవరు అని పేర్లతో సహా చెప్పేసేది. క్లాసులో అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే లీడర్‌లాగా. ఆ పేర్లలో 'హాల్' ఉంది. సీడీ కోసం అది చేసే ఆరా వల్ల డిస్కుల కేబులు కూడా పొదుపులోకి వెళ్లలేకపోతోందని, ఆ ఆరా ఆపేయమని పవర్‌టాప్ సలహా ఇచ్చేది. ఆపడానికి ఏం టైపు చేయాలో కూడా చెప్పేది. ఎవరి ప్రోగ్రాముకు వారు 'నాది రెండు సెకన్లకోసారేగా' అనుకుంటారు. అలాంటివి ఓ ఇరవై ఉంటే ఏమవుతుందో అప్పటిదాకా ఎవరూ కూడి చూడలేదు. అసలు ఘనత ఆ కూడికదే.

తర్వాత 'హాల్' పక్కకు తప్పుకుంది. దాని పనులు యూడెవ్, యూడిస్క్స్ వంటివి పంచుకున్నాయి. సీడీ ఉందా లేదా అని చూసే బాధ్యతను 2011 మార్చిలో వచ్చిన 2.6.38తో కెర్నల్ తానే తీసుకోగలిగింది. ఆ మార్పు చేసిన టెజున్ హియో చెప్పిన కారణాల్లో ఒకటి ఆసక్తికరం. బయటి ప్రోగ్రాములు మాటిమాటికీ డ్రైవును తెరిచి చూస్తుంటే కొన్ని సీడీ డ్రైవులు తట్టుకోలేక బిగుసుకుపోతున్నాయట. అదే నెలలో జపాన్‌లో సోనీ ఫ్లాపీల అమ్మకం ఆపేసింది.

ఫ్లాపీ పోయింది కాబట్టి గొడవ వదిలిందనుకుంటే పొరపాటే. ఒక పెద్ద కంప్యూటర్ పది చిన్న కంప్యూటర్లుగా నటించే ఏర్పాటును వర్చువల్ మెషీన్లు అంటారు. బ్యాంకుల నుంచి వెబ్‌సైట్ల దాకా వాటి మీదే నడుస్తుంటాయి. వాటిలోనూ 'ఉత్తుత్తి' ఫ్లాపీ డ్రైవులుంటాయి. 2015 మేలో 'వెనమ్' పేరుతో ఓ లోపం బయటపడింది. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో 2004 నుంచీ దాగున్న తప్పు అది. ఉన్నది ఎక్కడనుకున్నారు? ఆ ఉత్తుత్తి ఫ్లాపీని నడిపే కోడులోనే! దాని గుండా ఓ చిన్న కంప్యూటర్లోంచి పెద్ద కంప్యూటర్లోకి దొంగలు దూరే వీలుంది. కొన్నిచోట్ల ఫ్లాపీ వద్దని ఆపేసినా ఆ కోడు మాత్రం లోపల మెలకువగానే ఉంది. ప్రపంచమంతటా సర్వర్ల వాళ్లు పరుగులు పెట్టి దిద్దుకోవాల్సి వచ్చింది. పనిలేని ఫ్లాపీ చేసిన పెద్ద అల్లరి బహుశా ఇదే.

2019లో లినస్ టోర్వాల్డ్స్ ఫ్లాపీ కోడుకు 'అనాథ' అని ముద్ర వేశాడు. చూసుకునే ఇంజినీరు దగ్గరే పనిచేసే ఫ్లాపీ డ్రైవు లేదు మరి. తర్వాత ఇంకొకరు ముందుకొచ్చి దత్తత తీసుకున్నారు. జపాన్ ప్రభుత్వమైతే ఫ్లాపీలు వాడాలని చెప్పే వెయ్యికి పైగా నిబంధనలను ఒక్కటి మినహా 2024 జూన్ నాటికి రద్దు చేసింది.

ఇక మీ ఇంటి సంగతి. అటక మీదో, పిల్లల గదిలోనో పాత పీసీ ఇంకా నడుస్తుంటే ఓసారి దీపం వంక చూడండి. పనిలేకుండా వెలుగుతుంటే మందు చిన్నదే. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే (కంప్యూటర్‌ను బట్టి మారుతుంది) బయోస్ తెరుచుకుంటుంది. అందులో 'డిస్కెట్ ఎ' అనో 'ఫ్లాపీ డ్రైవ్ ఎ' అనో ఉన్నచోట 'నన్' లేదా 'డిసేబుల్డ్' పెట్టి, సేవ్ చేసి బయటికి రావాలి. లినక్స్ ఇక ఆ పేరెత్తదు.

అయితే ఒక్కమాట. బీరువా అడుగున రబ్బర్ బ్యాండు వేసిన ఫ్లాపీల కట్ట ఉందేమో ముందు వెతకండి. తాతయ్య టైపు చేయించిన వంశవృక్షమో, అక్క ప్రాజెక్టు రిపోర్టో వాటిలో ఉండొచ్చు. పెట్టేముందు లోహపు రేకు పక్కకు జరిపి చూడండి, బూజు పట్టినదాన్ని మాత్రం డ్రైవులో పెట్టొద్దు, హెడ్ పాడవుతుంది. మిగతావి ఒక్కొక్కటిగా కాపీ చేసుకుని, పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. ఆ పనయ్యాకే బయోస్ జోలికి వెళ్లండి.