మొదటి రోజే గ్లౌజులు అడుగుదాం

ఇంటి దగ్గర మిషన్ కుట్టుకుంటూనో, నాలుగిళ్లలో పనిచేసుకుంటూనో బతికిన స్త్రీలు ఎందరో ఇవాళ ఏజెన్సీల ద్వారా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేషెంట్ కేర్ పనిలో చేరుతున్నారు. రోగిని స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం, ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, బెడ్‌పాన్ పెట్టడం, మూత్రం సంచి ఖాళీ చేయడం, చనిపోయినవారిని మార్చురీకి చేర్చడం వాళ్ల పని. ఇలాంటి స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా "ఈ పని ఎవరు నేర్పారు?" అని అడుగుతుంటాను. "నేర్పేదేముంది మేడమ్, పాత ఆయమ్మ వెనకాల తిరిగి చూసుకున్నా" అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

"నేర్పేదేముంది" అన్న ఆ మాట గురించి మనం ఆలోచించాలి. పసిపిల్లలకు, ముసలివాళ్లకు ఇంట్లో చాకిరీ చేసేది స్త్రీలే కాబట్టి సేవ స్త్రీకి పుట్టుకతో వస్తుందని సమాజం నమ్మించింది. పుట్టుకతో వచ్చేదానికి శిక్షణ అక్కర్లేదు. శిక్షణ అక్కర్లేని పనికి నైపుణ్యం ఉన్నట్టు కాదు. నైపుణ్యం లేని పనికి అట్టడుగు జీతం చాలు. పితృస్వామ్యం చెప్పే ఈ లెక్కనే ఏజెన్సీ తన టెండరులో రాసుకుంటోంది. మలమూత్రాలు, రక్తం, శవం ముట్టే పనిని తరతరాలుగా దళితుల మీద మోపిన కుల వ్యవస్థ కూడా ఈ లెక్కకు బలం చేకూరుస్తోంది.

నిజానికి ఇది తెలివితో, మెలకువతో చేయాల్సిన పని. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి. తిప్పేటప్పుడు ఈడ్చితే చర్మం చిట్లుతుంది. మూత్రం సంచిని రోగి నడుము కంటే పైకి ఎత్తితే మూత్రం వెనక్కి మళ్లి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. బరువైన మనిషిని ఒక్కతే ఎత్తబోతే ఆమె నడుము పట్టేస్తుంది, లేదా రోగి కిందపడతాడు. ఈ విషయాలు చెప్పకుండా మొదటి రోజే ఆమెను వార్డులోకి తోసేయడం ఆమెకూ రోగికీ చేసే అన్యాయమే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఆ వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి చేరినప్పుడూ, ఆ తర్వాత ఏడాదికోసారైనా శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్య పరీక్ష చేయించాలి. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. గ్లౌజులు, మాస్కుల వంటి రక్షణ సామగ్రి ఇవ్వాలి. ఈ బాధ్యత ఆసుపత్రి నిర్వాహకులదే. ఏజెన్సీని చూపించి తప్పించుకోవడానికి లేదు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. చెత్తబుట్టలోని సూది మాత్రం మొదటి వారంలోనే గుచ్చుకోవచ్చు. అలా గుచ్చుకుంటే హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. ఎవరికి చెప్పాలో తెలియక, చెబితే పని పోతుందేమోనన్న భయంతో చేయి కడుక్కుని ఊరుకున్న స్త్రీకి ఆ గంటలు దాటిపోతాయి.

రాత్రి డ్యూటీ సంగతీ ఇంతే. 1973లో ముంబైలో నర్సు అరుణా షాన్‌బాగ్ మీద దాడి జరిగింది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో యువ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాయి. ఆసుపత్రుల్లో స్త్రీల భద్రత గురించి దేశమంతా మాట్లాడిన ఆ రోజుల్లో కూడా వార్డు మూల నేల మీద నడుం వాల్చే ఆయా ఎవరికీ పెద్దగా గుర్తుకు రాలేదు. లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టం కాంట్రాక్టు కార్మికులకూ, శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి. ఎన్ని ఆసుపత్రుల్లో ఆ బోర్డు ఆమె చదవగలిగే భాషలో ఉంది?

మరో ఇబ్బందికరమైన విషయం కూడా మాట్లాడుకోవాలి. వీల్‌చెయిర్ తోసినందుకు, బిడ్డను చూపించినందుకు ఆయాలు డబ్బులడుగుతారని పేదలు బాధపడుతున్నారు. అది తప్పే, ఆ భారం మోసేది కూడా పేద స్త్రీలే. అయితే జీతం నెలల తరబడి ఆపిన కాంట్రాక్టరును వదిలేసి ఆయాను మాత్రమే దొంగగా నిలబెట్టే వార్తలను మనం ప్రశ్నించాలి. సకాలంలో జీతం అడగడం రోగుల పక్షాన నిలబడటం కూడా.

2020లో కోవిడ్ సమయంలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమాలో ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని కూడా చేర్చారు. చనిపోతే ఆరోగ్య కార్యకర్తగా లెక్కకొచ్చే స్త్రీ బతికి పనిచేస్తున్నప్పుడు ఎందుకు లెక్కకు రాదు?

మన సంస్థల్లో చాలావాటికి ఈ స్త్రీలతో పరిచయం ఉంది. కొన్ని సంస్థలు శిక్షణ ఇచ్చి వాళ్లను ఆసుపత్రులకు పంపుతున్నాయి కూడా. పంపేముందు మనమే అడగాలి: ఆమె పేరు మీద నియామక పత్రం ఇస్తారా? శిక్షణ రోజులకు జీతం కడతారా? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. నంబర్లు ఆమె చేతికి వస్తాయా? ఏజెన్సీ మారినా టీకా కార్డు ఆమె దగ్గరే ఉంటుందా? సూది గుచ్చుకుంటే అర్ధరాత్రి ఎవరి తలుపు తట్టాలి? కొత్తగా చేరిన స్త్రీ ఒంటరిగా ఈ ప్రశ్నలు అడగలేదు. పాత ఆయమ్మలతో, స్టాఫ్ నర్సులతో, వాళ్ల యూనియన్లతో కలిసి మనం ఆమె పక్కన నిలబడితే అడగగలుగుతుంది.