కోటా ఇస్తే కంపెనీ మునుగుతుందా?



మొన్న హాస్టల్లో ఒక మాట మీద గొడవైంది. "ఆడవాళ్లకి కోటా పెట్టి బోర్డుల్లో కూర్చోబెడితే కంపెనీలు నష్టపోతాయి, నార్వేలో అదే జరిగింది" అన్నాడు ఒక తమ్ముడు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "కోటాలో వచ్చాడు, పనేం వస్తుంది" అని మనల్ని రోజూ అనేదే కదా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నార్వే 2003లో చట్టం చేసింది. పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్లు సుమారు 40 శాతం ఉండాలి. 2008 నాటికి పాటించకపోతే కంపెనీనే రద్దు చేయొచ్చు. ఆ కంపెనీల విలువ పడిపోయిందని 2012లో అహెర్న్, డిట్‌మార్ అనే పరిశోధకులు రాశారు. తమ్ముడు చెప్పింది ఇదే. కానీ వాళ్లు చూపిన కారణం ఆడవాళ్లు కావడం కాదు, కొత్తగా వచ్చినవాళ్లకి అనుభవం తక్కువ కావడం. అనుభవం ఎందుకు తక్కువ? అంతకుముందు ఎవరూ రానివ్వలేదు కాబట్టి! తర్వాత 2022లో ఎక్బో, మరో ఇద్దరు మళ్లీ లెక్క చూసి, చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదన్నారు.

అలాగని "ఆడవాళ్లు వస్తే లాభాలు పెరుగుతాయి" అని మనం వాదించక్కర్లేదు. బాగా నడిచే కంపెనీలే ఆడవాళ్లని తీసుకుంటున్నాయేమో, ఎవరు చెప్పొచ్చారు? పైగా లాభం చూపించి హక్కు అడిగితే, లాభం తగ్గిన రోజు హక్కూ పోతుంది. కూర్చున్న మగవాళ్లని ఎవరైనా అలా లెక్క అడిగారా?

మన దేశంలో 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలంది. చాలా చోట్ల యజమానులు భార్యనో, కూతురినో కూర్చోబెట్టారు. మన ఊళ్లల్లో అక్క సర్పంచ్ అయితే బావ సంతకాలు పెట్టించినట్టే! దాంతో సెబీ, 2020 ఏప్రిల్ నుంచి మొదటి వెయ్యి కంపెనీల్లో యజమానితో సంబంధం లేని మహిళ ఉండాలని నిబంధన పెట్టింది.

నా బాధ ఇంకోటుంది. ఆ నిబంధనలో 'మహిళ' అని ఉంది, 'ఆదివాసీ' అని లేదు. మన కొండల్లోని బాక్సైట్ గురించి, బొగ్గు గురించి నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర మన చెల్లి ఎప్పుడు కూర్చుంటుంది?

కామర్స్, లా చదువుతున్న చెల్లెళ్లూ, కంపెనీ సెక్రటరీ కోర్సు గురించి కూడా ఆలోచించండి. బోర్డు గది దాకా వెళ్లే దారుల్లో అదొకటి. తమ్ముడూ, నీ జవాబు కింద రాయి. కోపం లేదు, మాట్లాడుకుందాం.